చేతిలోని ఫోను చేనికి అక్కరకు రావలెను

ప్రొద్దుటూరులో విత్తనము కొన్నను, జమ్మలమడుగులో శనగలు కాటా వేయించినను, పులివెందులలో చీనీకాయలు లారీకెత్తించినను నేడు సెల్‌ఫోను లేనిదే పని ముగియుట లేదు. డబ్బు ఫోనులో వచ్చుచున్నది. ప్రభుత్వ సహాయము జమయైనదీ కానిదీ ఫోనే చెప్పుచున్నది. ఐనను, రైతు సోదరులారా, మీ ఇంటి ఫోనును ఒకసారి తెరచి చూడుడు. పాటలు, ఆటలు, ఉదయముననే ఎవరెవరో పంపిన పూల బొమ్మలు కనబడును. సేద్యమునకు పనికివచ్చునది ఒక్కటియు ఉండదు. ఉన్నచో పదిపదునైదు ఉండును. ఏ శిక్షణ తరగతిలోనో ఎవరో వేసి ఇచ్చినవి, ఆ తరువాత ఒక్క నాడును తెరువనివి.

నా అభిప్రాయము సూటిగా చెప్పుచున్నాను. రైతుకు ఇరువది యాప్‌లు అక్కరలేదు. ఐదారు చాలును. ఆ ఐదారును రైతు తానుగా తెరచి, తానుగా చదువుకొని, అందులోని మాటకు విలువ ఎంతయో తానే తూచుకొనగలిగి యుండవలెను. ప్రతి శాఖయు తనకొక యాప్‌ను తయారుచేయించి రైతు మీదికి వదలుట సేవ కాదనియు నా అభిప్రాయము.

ఇది వేడుకకు చెప్పు మాట కాదు. 2025 సెప్టెంబరు నుండి, మద్దతు ధరకు పత్తి అమ్మదలచిన రైతు 'కపాస్ కిసాన్' అను యాప్‌లో పేరు నమోదు చేసుకొని, సరకు తెచ్చు దినమును అందులోనే ఎంచుకొనవలెనని భారత పత్తి సంస్థ ఏర్పాటు చేసినది. అనగా కాటా కంటె ముందు ఫోను గడప దాటవలసి వచ్చినది. పత్తి వ్యాపారమునకు పేరుపొందిన ప్రొద్దుటూరు పరిసర గ్రామముల వారికి దీని అర్థము విప్పి చెప్పనక్కరలేదు. బండిలోని పత్తి ఎంత తెల్లగా ఉన్నను, ఆ గడప దాటలేని రైతు దళారి వాకిటికే పోవలెను.

శనగ, వేరుశనగ, పసుపు, అరటి పండించువారికి అంతకంటె పెద్ద గడప ఈ-పంట నమోదు. రైతు సేవా కేంద్రమునందలి (2020లో రైతు భరోసా కేంద్రములుగా వెలసినవే ఇవి) సహాయకుడు చేనికి వచ్చి, సర్వే నెంబరు, పంట, విస్తీర్ణము తన ఫోనులో వ్రాసి, చేనిలో నిలిచి ఫోటో తీసి, పిదప రైతు వేలిముద్రనో ఓటీపీనో తీసుకొనుట దీని పద్ధతి. తరువాత జాబితాను కేంద్రములో అందరికి కనబడునట్లు ప్రదర్శించి, తప్పులున్న చెప్పుకొనుటకు గడువిత్తురు. పంటల బీమాకును, వానలు ముంచినప్పుడిచ్చు పెట్టుబడి రాయితీకిని, మద్దతు ధర కొనుగోలుకును ఈ నమోదే ఆధారము. అందులో పేరు లేనివాడు పంట పండించియు పండించనివాడే యగును.

లెక్క వేసి చూతము. ఒక రైతు 5 ఎకరములలో శనగ వేసెను. నమోదులో 3 ఎకరములు మాత్రమే పడెను. ఎకరమునకు 6 క్వింటాళ్లు వచ్చినవనుకొన్నచో, 2 ఎకరముల పంట, అనగా 12 క్వింటాళ్లు, ప్రభుత్వ కొనుగోలుకు పనికిరాదు. 2026-27 మార్కెటింగు సంవత్సరమునకు శనగ మద్దతు ధర క్వింటాలుకు 5,875 రూపాయలు. బయట క్వింటాలుకు 500 రూపాయలు తగ్గినను 6,000 రూపాయలు నష్టము. కేంద్ర ప్రభుత్వము కిసాన్ సమ్మాన్ పథకము క్రింద సంవత్సరమంతటికి మూడు విడతలుగా ఇచ్చు మొత్తము కూడ 6,000 రూపాయలే! ఆ డబ్బు పడినదా లేదా అని ఫోను పదిమార్లు చూచుకొనువారు, తమ ఈ-పంట వివరమును ఒక్కమారైన చూచుకొనకపోవుట నాకు వింతగా తోచును.

కౌలు రైతులు దీనిని రెండింతలు గట్టిగా పట్టుకొనవలెను. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము క్రింద ఇచ్చు కార్డు 11 మాసములకే చెల్లును. గత సంవత్సరపు కార్డు పెట్టెలో ఉన్నదిగదా యని కూర్చున్నచో ఈ సంవత్సరపు పంట భూస్వామి పేరనే నమోదగును. కౌలు దారుడు కార్డును ఫోటో తీసి ఫోనులో ఉంచుకొని, గడువు తీరుటకు ఒక నెల ముందు తేదీ వచ్చునట్లు ఆ ఫోనులోనే గంట పెట్టుకొనవచ్చును. ఇందుకు ఏ యాప్‌యు దించుకొనవలసిన పని లేదు. క్యాలెండరు ప్రతి ఫోనులోను ఉన్నది.

అసలు మాట అడిగినచో, ఫోనులో రైతుకు అన్నిటికంటె ఎక్కువ అక్కరకు వచ్చునది కెమెరా. దానిని పెండ్లిండ్లకును, పండుగలకును మాత్రమే వాడుచున్నాము. విత్తన సంచి విప్పుటకు ముందు దానిపై కుట్టిన చీటీని, లాటు నెంబరు స్పష్టముగా కనబడునట్లు ఫోటో తీయుడు. అంగడి రసీదును కూడ తీయుడు. ఇప్పటి రసీదులు అనేకము వేడికి అచ్చుపడు నున్నని కాగితము మీద వచ్చుచున్నవి. మన జిల్లా ఎండలకు అవి రెండు మూడు నెలలలో తెల్లకాగితములగును. మొలక రానప్పుడు, పూత నిలువనప్పుడు 1966 నాటి విత్తనముల చట్టము క్రింద ఫిర్యాదు చేయబోయిన రైతు చేతిలో అక్షరము లేని కాగితము మిగులుచున్నది. సంచిని, చీటీని, కొద్దిగా విత్తనమును దాచియుంచుట ఎటులను తప్పదు. ఫోటో వానికి తోడు మాత్రమే.

పురుగుమందు డబ్బాపై ఇంగ్లీషు వ్రాతను కెమెరాతో చూపిన తెలుగులో చదివి చెప్పు సౌకర్యము నేటి ఫోనులలో ఉన్నది. మంచిదే. ఐతే డబ్బాపై ముద్రించిన రంగు గుర్తు చూచుటకు ఏ ఫోనును అక్కరలేదు. ఎరుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యస్థము, ఆకుపచ్చ స్వల్పము. ఫోను చూచి ఈ గుర్తును మరచువానికంటె, ఫోను లేక గుర్తు చూచువాడు మేలు.

తెగులును ఫోటో తీసి చూపిన దాని పేరు చెప్పు యాప్‌లు వచ్చినవి. వానిలో 'ప్లాంటిక్స్' తెలుగులో లభించుచున్నది. శనగలో కాయ తొలుచు పురుగు వంటి తేటగా కనబడు వానిని ఇవి బాగుగనే గుర్తించును. చీనీ దగ్గర మాత్రము జాగ్రత్త వలయును. జింకు లోపించిన చీనీ ఆకు ఈనెల మధ్య పసుపుబారును; గ్రీనింగ్ అను తెగులు సోకిన ఆకును పసుపుబారును. లోపము వలన వచ్చు మచ్చ ఈనెకు ఇరుప్రక్కల ఒకే తీరుగా ఉండును. తెగులు మచ్చ ఒక ప్రక్క ఒక తీరు, రెండవ ప్రక్క ఒక తీరు. మొదటిది జింకు చల్లిన సర్దుకొనును. రెండవది మందులేని తెగులు. చెట్టును తీసివేయవలసి రావచ్చును. పులివెందుల, లింగాల, సింహాద్రిపురము, వేంపల్లె ప్రాంతములలో ఎన్నో ఏండ్లు సాకిన చెట్టును ఒక ఫోటో మాటపై నరుకుటయు, అదే మాటపై తెగులు చెట్టును ఉంచుకొని ప్రక్క చెట్లకు అంటించుటయు, రెండును తగవు. ఫోను అనుమానము చెప్పును. నిర్ణయము ఉద్యాన అధికారియో, కడప సమీపమున ఊటుకూరులోని కృషి విజ్ఞాన కేంద్రము వారో చెప్పవలెను. ఇంకొక మాట. తెగులు పేరు చెప్పిన వెంటనే ఫలానా మందు కొనుమని యాప్ చూపినచో, ఆ రెండవ మాటను ప్రకటనగా ఎంచుడు.

వాన మాటకు వత్తును. జమ్మలమడుగు, మైలవరము, ముద్దనూరు, కొండాపురము ప్రాంతముల నల్లరేగడి చేలలో శనగ భూమిలో నిలిచిన తేమ మీదనే బ్రతుకును. అక్టోబరు, నవంబరు మాసములలో విత్తిన వెంటనే గట్టి వాన పడి నీరు నిలిచినచో గింజ కుళ్లును. మందు కొట్టిన సాయంత్రమే జల్లు పడిన, మందు వెలయు కూలియు మట్టిపాలు. 2019లో భారత వాతావరణ శాఖ, పూనాలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ, భారత వ్యవసాయ పరిశోధనా మండలి కలసి తెచ్చిన 'మేఘదూత్' రాబోవు 5 దినముల వాన, ఉష్ణోగ్రత, గాలి, తేమ వివరములను తెలుపును. వారమున రెండుమార్లు, మంగళ, శుక్రవారములలో వెలువడు పంట సలహాలును అందులో ఉండును. దీనిని మాటయిచ్చిన వానివలె గాక, తెలిసిన పెద్దమనిషి సలహావలె తీసుకొనుడు. పెన్న ఈ ఒడ్డున కురిసిన వాన ఆ ఒడ్డున కురియదు. ప్రాంతమంతటికి చెప్పిన సూచన మీ సర్వే నెంబరుకు చెప్పినది కాదు. కాని రెండు దినములు ఆగి విత్తుటవలన పోవునదేమియు లేనప్పుడు, ఆ సూచన చూచి ఆగుటయే వివేకము.

దానితోపాటు 'దామిని'ని ఉంచుకొనుడు. మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుచున్నవో లేదో అది చూపును. గొర్రెల కాపరులు, చీనీ కోత కూలీలు ఉరుము వినగానే చెట్టు క్రిందికి చేరుట మన వైపు అలవాటు. అది ప్రాణము తీయు అలవాటు. కోత మేస్త్రి ఫోనులో ఈ ఒక్కటి ఉన్నచో పదిమందిని ముందుగా గట్టి కప్పు క్రిందికి చేర్చవచ్చును.

పంట నష్టము జరిగినప్పుడు గడియారము పరుగెత్తును. వడగండ్లు, చేను మునుగుట, కోసి ఆరబెట్టిన పంట తడియుట వంటి నష్టములను, బీమా చేసిన రైతు 72 గంటల లోపల తెలియజేయవలెను. పంట బీమా యాప్ ద్వారా గాని, 14447 నెంబరుకు ఫోను చేసి గాని తెలుపవచ్చును. ఆ మూడు దినములలో మొదటి దినము దిగులుతోను, రెండవ దినము ఎవరో అధికారి వచ్చునను ఎదురుచూపుతోను గడచిపోవుచున్నది. చేను చూచిన వెంటనే నాలుగు దిక్కుల నుండి ఫోటోలు తీసి, ఆనాడే తెలియజేయుడు.

ధరల విషయము క్లుప్తముగా చెప్పెదను. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన 'ఈ-నామ్' వంటివి మార్కెట్ల ధరలను చూపును. కనిష్ఠ, గరిష్ఠ ధరలను విడిచి, ఎక్కువ సరకు అమ్ముడుపోయిన ధర ఏదో దానిని చూడుడు. గరిష్ఠ ధర ఒకే ఒక్క మేలి రాశికి వచ్చియుండవచ్చును. ఆ ధరలో నుండి లారీ బాడుగ, హమాలీ, కమీషను, తూకములో కోత తీసివేసిన మిగులునదే మీ ధర. ఈ లెక్కకు ఫోనులోని క్యాలుకులేటరు చాలును. అనంతపురములో చీనీ టన్నుకు వేయి రూపాయలు ఎక్కువ యని పరుగెత్తి, బాడుగకే అంతకు మించి పోగొట్టుకొనుట తగదు.

చేను చుట్టు నడచి విస్తీర్ణము కొలుచు యాప్‌లను గూర్చి కూడ ఒక హెచ్చరిక అవసరము. మందు లెక్కకు, దుక్కి కూలి లెక్కకు అవి బాగుగనే ఉన్నవి. ఐతే ఫోను ఆకాశము తేటగా ఉన్నప్పుడును 4, 5 మీటర్లు తప్పు చూపవచ్చును. చతురస్రముగా ఉన్న ఎకరపు చేనికి ఒక్కొక్క ప్రక్క సుమారు 64 మీటర్లు. ప్రక్కకు 4 మీటర్లు ఎక్కువ చూపినచో 13 సెంట్లు పెరిగినట్లు కనబడును! ఆ 13 సెంట్ల కొరకు గట్టు దగ్గర పారలెత్తినవారు సర్వేయరు వచ్చువరకు ఆగుట మంచిది.

పులివెందుల ప్రాంతమున ఫోనుతో మోటారు వేయు స్టార్టర్లు అనేకులు పెట్టుకొనుచున్నారు. రాత్రివేళ పాముల మధ్య బోరు దగ్గరకు నడచు బాధ తప్పుట గొప్ప మేలు. నీరు లేనప్పుడు మోటారు తనంత తాను ఆగు ఏర్పాటున్నదానిని కొనుడు. పట్టణములో కూర్చుండి మోటారు వేయువానికి, ఆ సమయమున బోరు దగ్గర తీగ పట్టుకొని మరమ్మతు చేయుచున్న మనిషి కనబడడు. కావున మరమ్మతుకు చేయి పెట్టుటకు ముందు ఫీజులు తీసివేయవలెను; యజమాని ఫోను చేసి ఆపితినన్న మాట చాలదు. ఇక కరెంటు రాగానే తనంత తాను మోటారు వేయు ఆటో స్టార్టర్లు వేరు. అవి అన్నియు ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మరును కాల్చును. వానిని నేను సమర్థింపను.

డబ్బు విషయములో మాత్రము మీతో గట్టిగా మాట్లాడవలసియున్నది. కిసాన్ సమ్మాన్ డబ్బు ఆగినదనియు, ఈ లంకెను నొక్కిన వచ్చుననియు వాట్సాప్‌లో ఏ.పి.కె. అను ఫైలు వచ్చును. తెలిసినవాని ఫోను నుండియే రావచ్చును. వాని ఫోనును అప్పటికే దొంగ పట్టుకొని యుండును. దానిని వేసుకొన్నచో మీ ఫోనుకు వచ్చు సందేశములు, ఓటీపీలు దొంగ చేతికి చేరును. యాప్ ఏదైనను ఫోనులోని ప్లే స్టోరు నుండియే దించుకొనుడు. ఎవరైన పంపినదానిని ముట్టవద్దు. చీనీ బయానా పంపుచున్నాను, ఈ బొమ్మను స్కాన్ చేసి పిన్ కొట్టుమని వ్యాపారి పేరుతో ఎవడైన అడిగినచో వాడు దొంగయే. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ ఎన్నడును అక్కరలేదు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచవద్దు. ఆ క్షణముననే 1930కి ఫోను చేయవలెను. దొంగ ఖాతాలో డబ్బు నిలిచియున్న కొద్ది సమయములోనే దానిని ఆపుట సాధ్యము.

మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. కొడుకు కువైటులోనో బెంగుళూరులోనో ఉండును. బ్యాంకు ఖాతాకును, ఆధారుకును వాని నెంబరే ఉండును. చేనిలో సహాయకుడు ఓటీపీ అడుగును. అది కువైటుకు పోవును. అక్కడ కొడుకు పనిలో ఉండును. ఇక్కడ నమోదు నిలిచిపోవును. ఈ సంవత్సరము మరే పని చేయకున్నను, సేద్యము ఎవరు చేయుచున్నారో వారి నెంబరును ఖాతాకు, ఆధారుకు కలుపుకొనుడు. ఇంటిలో సేద్యము చూచునది ఇల్లాలైనచో ఆమె నెంబరే ఉండవలెను. ఆమెకు చదువు కొంచెమే యన్న సాకు నేడు చెల్లదు. తెలుగులో పలికిన మాటను వ్రాసిపెట్టు సౌకర్యము, వ్రాసినదానిని చదివి వినిపించు సౌకర్యము సామాన్యపు ఫోనులలోను ఉన్నవి.

గ్రామాధికారులకు కూడ కొన్ని మాటలు చెప్పవలెను. అడంగలు, 1-బి నకళ్లు 2015లో వచ్చిన 'మీభూమి'లో ఎవరైనను చూచుకొనవచ్చును. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ ద్వారా (95523 00009) ప్రభుత్వ సేవలు మొదలైనవి. ఇవి వచ్చినవి గనుక 'ఫోనులో చూచుకో పో' యని రైతును పంపివేయుట మీ పని తీరినట్లు కాదు. ఫోను లేనివానికి మీ ఫోనులో చూపవలెను. చిన్న ఫోను మాత్రమే ఉన్న రైతుకు, 2004 నుండి నడచుచున్న కిసాన్ కాల్ సెంటరు నెంబరు 1800-180-1551 తెలుగులోనే జవాబిచ్చునని, దానికి చార్జీ లేదని చెప్పవలెను. పనిభారము మీకు ఎక్కువగా ఉన్న మాట నిజమే. ఒకే రైతు వివరములను నాలుగు శాఖల కొరకు నాలుగు యాప్‌లలో మీరే నింపుచున్నారు. ఆ భారము తగ్గించవలసినది పైవారు. మీరు గట్టిగా అడుగవలసియే ఉన్నది. ఐనను ఆ భారము చేనికి పోకుండ నమోదు చేయుటకు కారణము కారాదు. రోడ్డు ప్రక్కన బండి నిలిపి దూరము నుండి చూచి, ఆవాల వరుసను చూచి కుసుమ అనుకొన్న నమోదుకు శిక్ష పడునది రైతుకే.

ఈ-పంట జాబితాను కేంద్రపు గోడకు అంటించుట ఇప్పటి ఆచారము. కేంద్రమునకు వచ్చి చిన్న అక్షరములలో తన పేరు వెదకుకొను రైతులు ఎందరు? ఆ జాబితాను సాయంకాలము, చేల నుండి జనము ఇండ్లకు చేరిన తరువాత, దేవళము మైకులో చదివింపవలెనని నా సూచన. పేరు, సర్వే నెంబరు, పంట, ఎకరములు, ఈ నాలుగు మాటలే చదివిన చాలును. పెద్ద గ్రామమైనను రెండు సాయంత్రముల పని. తప్పు విన్న రైతు మరునాడు ఉదయమే కేంద్రమునకు వచ్చును. గడువు ముగియుటకు కనీసము వారము దినములు మిగిలియుండగనే ఈ చదువు జరుగవలెను.